ఇంజను విప్పక ముందు

పోయిన నెల నుంచి ఒకే మాట నలుగురు అడిగినారు. ఇంట్లో పాత టీవీఎస్ ఎక్సెల్ ఉంది, స్టార్టు కాదు, అయినా మిట్ట ఎక్కదు, మెకానిక్కు చూసి "ఇంజను పోయింది, బోరు కొట్టాల" అన్నాడు, చేయించేదా, గుజరీ అంగడికి వేసేదా అని.

ఆ బండి మన ఊరిదే. 1980లో టీవీఎస్ 50 హోసూరు ఫ్యాక్టరీ నుంచే బయటికి వచ్చింది. ఇద్దరు కూర్చొని పొయ్యే మోపెడ్ మన దేశంలో అదే మొదటిది. ఈపొద్దుకూ బాగలూరు, బేరికె పక్క పూలమూటలు, రాయకోట పక్క టమోటా బుట్టలు దానిమీదే పోతాయి. బండి ఒకపొద్దు నిలిస్తే ఆపొద్దు కూలి పోయినట్లే. బోరు కొట్టి పిస్టన్ మార్చేదానికి వేలల్లో అవుతుంది. ఆ మాటకు సరే అనక ముందు చూడాల్సినవి కొన్ని ఉండాయి. నేను చెప్పేది పెట్రోల్లో ఆయిల్ కలిపే టూ స్ట్రోక్ బండ్లకు మాత్రమే.

రింగ్ ఫ్రేములో నూలు ఊరికే తెగతా ఉంటే మనం గేర్ బాక్సు విప్పతామా? ట్రావెలర్ అరిగిందా, రోలరుకు దూది చుట్టుకుందా అని చూస్తాం. బండి కూడా అంతే. దానికి కావాల్సింది పెట్రోలు, నిప్పు, లోపలికీ బయటికీ గాలి.

మొదట పెట్రోలు. ట్యాప్ తిప్పి, కార్బురేటరుకు పొయ్యే పైపు ఊడదీసి చిన్న సీసాలో పట్టండి. ధారగా రావాల. బొట్లు బొట్లుగా వస్తే ట్యాప్ లోపలి జల్లెడలో తుప్పు ఉంటుంది. బండి రెండు మైళ్లు బాగా పోయి నిలిచిపోయి, కొంచేపు ఆగితే మళ్లీ స్టార్టు అవుతా ఉంటే ట్యాంకు మూత చూడండి. మూతకు గాలి పొయ్యే సన్న రంధ్రం ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుంటే పెట్రోలు కిందికి దిగదు. నిలిచినప్పుడు మూత తెరిచి, మళ్లీ మూసి చూడండి. వెంటనే బండి లేస్తే జబ్బు అక్కడే. సూదితో పోయేదానికి కార్బురేటర్ మార్చినోళ్లను నేను చూసినాను.

తరువాత ప్లగ్గు. దీనికి మగోళ్లు ఇంటికి వచ్చేదాకా కాచుకోబళ్లేదు, ప్లగ్గు స్పానరు ఒకటుంటే చాలు. ఊడదీసిన ప్లగ్గు ఎండిపోయి ఉంటే పెట్రోలు రాలేదు. తడిగా ఉంటే పెట్రోలు వచ్చింది, నిప్పు రాలేదు, లేదంటే పెట్రోలు ఎక్కువై మునిగింది. మసి పట్టి జిడ్డుగా ఉంటే ఆయిల్ ఎక్కువ కలిపినారు, లేదా గాలి ఫిల్టరు మూసుకుంది. కాఫీ పొడి రంగులో ఉంటే ఇంజను సుఖంగా ఉన్నట్లే. ప్లగ్గును గుడ్డతో తుడిచి, కొన మధ్య సందు యాక్సా బ్లేడు మందం ఉండేట్లు చూసుకోండి. నిప్పు వస్తుందా అని చూసేటప్పుడు మాత్రం శానా జాగ్రత్త. ఆరుబయట, పొయ్యికి, బీడీకి దూరంగా చెయ్యండి. కారిన పెట్రోలు ముందే తుడిచెయ్యండి. ప్లగ్గును రబ్బరు టోపీ పట్టుకొని ఇంజను ఇనుముకు ఆనించి తొక్కాల, ప్లగ్గు రంధ్రం దగ్గర పెట్టగూడదు. ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. నీలంగా మెరిస్తే మంచిది. ఎర్రగా నీరసంగా ఉంటే కొత్త ప్లగ్గు వేసి చూడండి. అప్పటికీ రాకపోతే కాయిల్, వైరు, పాయింటు ఉండే పాత బండి అయితే పాయింటు మెకానిక్కుతో చూపించండి.

ఇంక సైలెన్సరు. ఎక్కువమందిని మోసం చేసేది ఇదే. పెట్రోల్తో పాటు ఆయిల్ కాలుతుంది కాబట్టి మసి గట్టిపడి సైలెన్సరులోనూ, ఇంజను నుంచి పొగ బయటికి వచ్చే దారిలోనూ పేరుకుంటుంది. చదును రోడ్డులో బండి పోతుంది, మిట్టలో చచ్చిపోతుంది. కృష్ణగిరి నుంచి శూలగిరి మీదుగా హోసూరుకు వచ్చేదంతా ఎత్తెక్కే దారి, అక్కడ జబ్బు బయటపడుతుంది. మా లైనులో ఒకామె పూలు వేసుకొని పొయ్యేది, ఆమె బండికి ఇదే జరిగింది. బోరు పోయిందని ఒకడు డబ్బు అడిగినాడు. సైలెన్సరు విప్పి చూస్తే లోపల బొగ్గు! గీకించినారు, ఆ వారమే మూటతో మిట్ట ఎక్కింది. ఇంటి ముందర మంట వేసి సైలెన్సరు కాల్చొద్దు, ఆ పొగ పిల్లోళ్లకు మంచిది కాదు. గీకించే కూలి పెద్దదేం కాదు.

ఇవన్నీ బాగుండి కూడా బండి లేవకపోతే ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు అదిమి, ఇంకొకర్ని తొక్కమనండి. ప్లగ్గు వైరు పక్కకు పెట్టి ఉండాల. వేలిని తోసేస్తే ఇంజనుకు ఊపిరి ఉంది. మెత్తగా ఉస్సుమంటే రింగులు, బోరు అరిగినట్లు. అప్పుడు మెకానిక్కు మాట నమ్మొచ్చు.

బోరు నిజంగా పొయ్యేది ఎక్కువగా మన ఇండ్లలోనే. ఎట్లంటే, ఎక్సెల్ 100 వచ్చినాక ఆయిల్ కలిపే పని లేదు, అది ఫోర్ స్ట్రోక్. ఒక ఇంట్లో నాయినకు పాత బండి, కొడుక్కు కొత్త బండి. కొడుకు నాయిన బండి తీసుకొని బంకుకు పోతాడు, ఉత్త పెట్రోలు కొట్టిస్తాడు. లోపల జిడ్డు లేక పిస్టన్ వేడెక్కి బోరుకు కరుచుకుంటుంది. పిల్లోని తప్పు కాదు, వానికి చెప్పినోళ్లు లేరు. ట్యాంకు మూత పక్కన పెయింటుతో "ఆయిల్ కలపాల" అని రాయించండి. ఎంత అనేది బండి పుస్తకంలో ఉంటుంది. శానా బండ్లకు లీటరుకు 20 మిల్లీలీటర్లు, టూటీ అని రాసిన ఆయిలే. ఎక్కువ పోస్తే బండికి బలం అనుకుంటారు కొందరు, అది సైలెన్సరులో బొగ్గుకు బలం.

ఇప్పుడు బంకుల్లో పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. అది నీళ్లను పీల్చుకుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. నెలల తరబడి నిలబెట్టే బండి అయితే ట్యాంకులో పెట్రోలు ఉంచొద్దు. పైపు గిల్లి చూడండి, బంక మాదిరి ఉన్నా, పగుళ్లు కనిపించినా మార్చేయండి. మూరెడు పైపు, రెండు క్లిప్పులు, అంతే ఖర్చు.