నిద్రలో ఉన్న అద్దెవాడు

ఎమ్మిగనూరు అనగానే మగ్గాలు జ్ఞాపకం వస్తాయి. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం నెలకొల్పిన ఊరు. అక్కడి పెద్దాయన ఒకరు పడుగు, పేక, ఆసు, కండె అంటూ మగ్గం మాటలు ఆరువందల దాకా పోగుచేశారు. పదిహేనేళ్ల కిందట ఆదోనిలో మా ఇంట కూర్చుని ఇద్దరం వాటిని పేజ్‌మేకరులో ఎక్కించాం. పోయినేడు ఆయన కాలం చేశారు. నోటుపుస్తకం చెదల పాలైంది. మిగిలింది ఆ ఫైలొక్కటే.

ఆనాటి అక్షరాలు యూనికోడువి కావు. కొత్త కంప్యూటరులో తెరిస్తే తెలుగుకు బదులు తలాతోకా లేని గుర్తులు కనిపిస్తాయి. అంచేత మావాడు కొత్త కంప్యూటరు కడుపులోనే పాత విండోస్ ఎక్స్‌పీ చేత కాపురం పెట్టించాడు. దీన్నే వర్చువల్ మెషిన్ అంటారు. అసలు యంత్రం ఉండదు, ఉన్నట్టు నమ్మించే సాఫ్ట్‌వేరు ఉంటుంది. ఎక్స్‌పీ అద్దెకున్నవాడైతే, ఈ సాఫ్ట్‌వేరు ఇల్లుగలాయన అన్నమాట.

మొన్న పెద్దాయన కూతురు ఫోను చేసింది. "అన్నా, నాయన సంవత్సరీకానికి పుస్తకం అచ్చు వేయిద్దాము."

సరేనని ఆ రాత్రి రెండు పేజీలు దిద్దాను. ఫైలు సేవ్ చేయకుండానే, ఎక్స్‌పీని ఉన్నదున్నట్టు నిద్రపుచ్చి పడుకున్నాను. తెల్లవారి ఇల్లుగలాయన కొత్త రకం వేసుకోమంటే సరేనని నొక్కాను. అంతే! అద్దెవాడు లేవనే లేదు. సేవ్ చేసిన స్థితిని పారేయమంటారా అని ప్రశ్న! నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆరువందల మాటలూ గంగపాలేనా?

ఆదోనిలో డి.టి.పి. చేసే కుర్రవాణ్ణి పిలిపించాను.

"పారేసేది నిద్రను సార్, ఇంటిని గాదు" అన్నాడతను. నిద్రపుచ్చినప్పుడు దాచేది ఆనాటి జ్ఞాపకశక్తి బొమ్మ. కొత్త రకంలో లేని భాగాలను ఉన్నట్టు కల్పించే తీరు మారింది గనుక ఆ బొమ్మ దీనికి అతకదు. ఫైళ్లుండే డిస్కు వేరు. ముందు ఫోల్డరంతా మరో డిస్కుకు కాపీ చేయించి, తరువాతే ఆ స్థితిని పారేయించాడు. కరెంటు పోయి వచ్చినట్టుగా ఎక్స్‌పీ లేచింది. పోయినవి రాత్రి దిద్దిన రెండు పేజీలే.

మీ ఇళ్లలోనూ ఇటువంటి అద్దెవాళ్లుంటే, ఇల్లుగలాయనను మార్చేముందు వాణ్ణి లేపి, సవ్యంగా షట్‌డౌన్ చేసి, కాపీ తీసుకోండి. అయినా లేవకపోతే బయాస్‌లో వర్చువలైజేషన్ మూసి ఉందేమో చూడండి. వర్చువల్‌బాక్స్ వంటిది 2019 నాటి 6.1 రకం నుంచి ప్రాసెసరులో ఆ సౌకర్యం లేనిదే నడవదు. లేచిన ఎక్స్‌పీకి ఇంటర్నెట్టు మాత్రం ఇవ్వకండి. దాని రక్షణ మరమ్మతులు 2014 ఏప్రిల్‌తోనే ఆగిపోయాయి.

ఎన్నాళ్లని అద్దె కొంపలో ఉంచుతాం? అందుకని ఆ మాటలను యూనికోడులోకి మారుస్తున్నాను. రోజుకు నాలుగు పేజీలు ఎమ్మిగనూరుకు పంపితే, ఆ అమ్మాయి మగ్గం ముందు కూర్చుని సరిచూస్తోంది. నిన్న ఒక తప్పు పట్టింది కూడా. అది పెద్దాయనది కాదు, నాది!