పిల్లల్ని రోజుకో గంట ఆరుబయటికి పంపండి: విద్యాశాఖ మంత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రులకు,

బడిపిల్లల్లో హ్రస్వదృష్టి పెరుగుతోందని కంటి వైద్యులు చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు. దగ్గరున్న పుస్తకం బాగానే కనిపిస్తుంది, నల్లబల్ల మీది అక్షరాలు మాత్రం అలుక్కుపోతాయి. మనం మామూలు మాటల్లో మైనస్ పవర్ అనుకునేది దీన్నే. ఎండ తగలని పిల్లల్లో విటమిన్ డి తగ్గుతుంది, డి తగ్గితే చూపు తగ్గుతుంది, కాబట్టి డి బిళ్ల వేస్తే చూపు నిలుస్తుందని చాలామంది తల్లిదండ్రులు నమ్ముతున్నారు. ఈ లెక్క వినడానికి సబబుగానే ఉంటుంది కానీ ఆధారాల ముందు నిలవదు. పిల్లల కంటిని కాపాడేది ఆరుబయటి వెలుతురు. ఆ వెలుతురు రోజూ పిల్లలకు అందేలా చూసే అధికారం ఆరోగ్యశాఖ కన్నా మీ చేతుల్లోనే ఎక్కువగా ఉంది కనుక ఈ లేఖ మీకు రాస్తున్నాను.

విటమిన్ డి మీద అనుమానం ఊరికే పుట్టలేదు. ఈ విటమిన్‌ను అందుకునే గ్రాహకాలు కార్నియాలోనూ రెటీనాలోనూ ఉన్నాయి. హ్రస్వదృష్టి ఉన్నవారి రక్తంలో విటమిన్ డి తక్కువగా ఉందని దక్షిణ కొరియాలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ జరిగిన అధ్యయనాల్లో కనిపించింది. అయితే ఇంట్లోనే ఉండిపోయే పిల్లవాడికి విటమిన్ డి తగ్గుతుంది, అదే కారణంతో మైనస్ పవరూ వస్తుంది. ఒకే మూలం నుంచి పుట్టిన ఈ రెండిటిలో ఒకటి రెండోదానికి కారణమని చెప్పాలంటే విడదీసి చూడాలి. ఇంగ్లండ్‌లోని ఏవన్ ప్రాంతంలో వేలమంది పిల్లల్ని పుట్టుక నుంచి గమనిస్తూ వచ్చిన పరిశోధకులు ఆ పనే చేశారు. ఆరుబయట గడిపిన పిల్లలకు హ్రస్వదృష్టి తక్కువగా వచ్చింది, వాళ్ల రక్తంలో విటమిన్ డి కూడా ఎక్కువే ఉంది. కానీ రక్తంలోని డి స్థాయిని బట్టి చూస్తే ఎవరికి హ్రస్వదృష్టి వస్తుందో తేలలేదు. ఈ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. ఆ తర్వాత జన్యువుల రీత్యానే విటమిన్ డి తక్కువగా ఉండేవారిని పరిశీలించినా, ఆ తక్కువతనం హ్రస్వదృష్టికి దారితీస్తోందన్న ఆధారం దొరకలేదు.

మరి ఆరుబయట కంటికి జరిగే మేలు ఏమిటి? హ్రస్వదృష్టిలో కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి ఉండాల్సినదానికన్నా పొడవుగా పెరుగుతుంది. కాంతి బలంగా పడినప్పుడు రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలై ఈ అతి పెరుగుదలకు కళ్లెం వేస్తుందన్నది ఇవాళ ఎక్కువ బలమున్న వివరణ. కోడిపిల్లల కంటికి మసక తెర కట్టి హ్రస్వదృష్టి తెప్పించే ప్రయోగాల్లో, ప్రకాశవంతమైన దీపాల కింద ఉంచిన కోడిపిల్లల్లో ఆ మార్పు నెమ్మదించింది. డోపమైన్ పనిని అడ్డుకునే మందు ఇచ్చాక ఆ రక్షణ పోయింది. చర్మంలో విటమిన్ డి తయారు చేసే అతినీలలోహిత కిరణాలను కార్నియా, కంటి కటకం రెటీనా దాకా రానివ్వవు. అంటే చర్మంలో డి తయారు చేసే కిరణం వేరు, రెటీనాను మేల్కొలిపే వెలుగు వేరు. ట్యూబ్‌లైట్ కింద పిల్లవాడి బల్ల మీద పడే వెలుతురు మామూలుగా 300 నుంచి 500 లక్స్ ఉంటుంది. అదే బడి ఆవరణలోని వేపచెట్టు నీడలో వేలల్లో ఉంటుంది.

ఇది ప్రయోగశాలలోనే ఆగిన సంగతి కాదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 ప్రాథమిక పాఠశాలలను తీసుకుని, సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాల ఆరుబయటి పీరియడ్ అదనంగా చేర్చారు. మూడేళ్ల తర్వాత ఆ పిల్లల్లో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు 30.4 శాతం, మామూలుగా నడిచిన బడుల్లో 39.5 శాతం. తైవాన్‌లోని కావ్‌షుంగ్‌లో విరామ సమయాల్లో పిల్లల్ని తరగతి బయటికి పంపిన బడిలో ఏడాదిలో కొత్త కేసులు 8.41 శాతం కాగా, పంపని బడిలో 17.65 శాతం. తైవాన్ 2010లోనే రోజుకు 120 నిమిషాల ఆరుబయటి సమయాన్ని జాతీయ కార్యక్రమంగా చేపట్టింది. మన దేశంలో ఢిల్లీ బడిపిల్లల్లో జరిగిన పెద్ద సర్వేలో 13.1 శాతం మందికి హ్రస్వదృష్టి ఉందని తేలింది. రోజుకు రెండు గంటలకు మించి బయట ఆడే పిల్లల్లో అది తక్కువగా కనిపించింది. ఆరుబయటి సమయం హ్రస్వదృష్టి రాకుండా ఆపినంతగా, వచ్చిన తర్వాత పెరగకుండా ఆపలేదన్నది కూడా నిజమే. అందుకే ఒకటో తరగతి నుంచే మొదలుపెట్టాలంటున్నాను.

పెద్దల చూపు విషయంలోనూ విటమిన్ డి ఆశించినంత పని చేయలేదు. అమెరికాలో 25 వేలకు పైగా మందితో ఐదేళ్లకు మించి సాగిన వైటల్ పరీక్షలో రోజూ 2,000 యూనిట్లు వేసుకున్నవారికి, వయసుతో వచ్చే మాక్యులా క్షీణత నుంచి రక్షణేమీ దొరకలేదు.

పిల్లల్లో విటమిన్ డి లోపం విస్తారంగా ఉన్నప్పుడు బిళ్ల వేస్తే పోయేదేముందని అడిగేవారున్నారు. ఎముకల కోసం, లోపం ఉందని తేలిన పిల్లలకు, వైద్యులు చెప్పిన మోతాదులో తప్పక ఇవ్వాలి. కానీ వారానికొకటిగా రాసే 60,000 యూనిట్ల పొడిని చూపు కోసమని ఎవరికి వారు కొని నెలల తరబడి పాలలో కలిపి పట్టిస్తే రక్తంలో కాల్షియం హద్దు మీరవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఆ కాల్షియం కార్నియా మీద కూడా పేరుకుని, కంటికి అడ్డంగా తెల్లని పట్టీలా కనిపించవచ్చు. చూపు కోసం వేసిన మందే చూపుకు అడ్డం పడటమంటే ఇదే.

మన ఎండల్లో పిల్లల్ని బయటికెలా పంపుతారన్నది ఇంకో అభ్యంతరం. ఆ భయం న్యాయమైనదే. తిరుపతిలో జరిపిన పరిశీలనలో విటమిన్ డి తయారీకి అనువైన ఎండ ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 దాకా ఉంటుందని తేలింది. డి కోసమే అయితే ఏప్రిల్‌లో పిల్లల్ని మాడ్చక తప్పదు. కంటికి ఆ అవసరం లేదు. ఉదయం ప్రార్థన తర్వాత, సాయంత్రం నాలుగింటికి, చెట్ల నీడన, టోపీ పెట్టుకుని ఆడినా కావాల్సిన వెలుతురు అందుతుంది. సూర్యుడి వైపు సూటిగా చూడవద్దని మాత్రం పిల్లలకు గట్టిగా చెప్పాలి. ఇక చదువు దెబ్బతింటుందన్న వాదన. ఇవాళ గేమ్స్ పీరియడ్‌ను లెక్కల మాస్టారికి అప్పజెప్పడం మామూలైపోయింది. తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే హాస్టళ్లలో పిల్లలు పగటి వెలుతురును కిటికీ ఊచల మధ్య నుంచి చూస్తున్నారు. పవర్ మరీ పెరిగిపోయిన కళ్లకు ముందు ముందు రెటీనా ఊడిపోయే ప్రమాదం, గ్లాకోమా ప్రమాదం ఎక్కువ. ఒక్క పీరియడ్ మిగుల్చుకోవడానికి అంత మూల్యం చెల్లించడం న్యాయం కాదు.

తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కంటి వెలుగు పేరుతో పరీక్షలు చేసి కళ్లద్దాలు ఇచ్చారు. చాలా మంచి పని. అద్దాలు చూపును సరిదిద్దుతాయి, కనుగుడ్డు సాగకుండా ఆపలేవు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో బడికి ఆటస్థలం ఉండాలని ఇప్పటికే రాసి ఉంది. వచ్చే విద్యా సంవత్సరం టైమ్‌టేబుల్‌లోనే ప్రభుత్వ, ప్రైవేటు బడులన్నిటికీ, రెసిడెన్షియల్ కాలేజీలకూ రోజుకో గంట ఆరుబయటి సమయాన్ని తప్పనిసరి చేయండి. ఆ గంటను మరో పాఠానికి వాడుకోకుండా తనిఖీ చేయించండి. ఆటస్థలం లేని బడికి గుర్తింపు పునరుద్ధరించే ముందు, ఆ గంట పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారో రాతపూర్వకంగా అడగండి.