తవుడు ఎవరు కలుపుతున్నారు? (వాడపల్లి వ్యాసాలు – 11)



శివరాత్రి జాతర అంటే మన మేళ్లచెరువులో బండలాగుడు పోటీలు. రెండు రాష్ట్రాల నుంచి ఒంగోలు జాతి జతలు లారీల్లో దిగుతాయి. పళ్లను బట్టి విభాగాలు: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. ఇచ్చిన టైములో బండను ఎన్ని అడుగులు లాగితే అంత గెలుపు. మైకులో యజమాని పేరు, ఊరు పేరు మోగుతాయి. ఫలానా రెడ్డిగారి జత, ఫలానా చౌదరిగారి జత. మనం ఈలలు వేస్తాం, వీడియో తీస్తాం, స్టేటస్ పెడతాం.

ఆ గిత్త ఏం తింటుందో అందరికీ తెలుసు. యజమానే గొప్పగా చెప్పుకుంటాడు. తవుడు, ఉడకబెట్టిన ఉలవలు, పత్తిగింజలు, చెక్క. ఉన్నోళ్లయితే గుడ్లు, బాదం, ఖర్జూరం కూడా. పూటకు ఎన్ని కిలోలు, నెలకు ఎంత ఖర్చు, అంతా నోటి మీదే ఉంటుంది. నాది ఒకటే ప్రశ్న. ఆ తవుడు తడిపి, కలిపి, గోలెంలో పోసే మనిషి ఏం తింటున్నాడు? అతని జీతం ఎంత? ఆ లెక్క ఏ మైకులోనూ వినపడదు.

ముందు తవుడు సంగతి చూద్దాం. 100 కిలోల వడ్లు మర పట్టిస్తే దాదాపు 20 కిలోలు ఊక, 8 నుంచి 10 కిలోలు తవుడు, మిగతాది బియ్యం, నూకలు. చూడటానికి దుమ్ములా ఉంటుంది గానీ, గింజలోని నూనె, బి విటమిన్లు, ఖనిజాలు చాలావరకు ఆ పొరలోనే ఉంటాయి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక మన దగ్గర వరి పెరిగింది, వరితో పాటు మిర్యాలగూడ మిల్లులు పెరిగాయి. ఇప్పుడు తవుడు నుంచి నూనె తీసి, గుండెకు మంచిదని చెప్పి పట్నంలో అమ్ముతున్నారు. నూనె తీసిన తవుడు పశువులకు, కోళ్లకు, చేపలకు పోతుంది. 2023 జులైలో దాణా ధరలు పెరిగాయని కేంద్ర ప్రభుత్వం ఈ నూనె తీసిన తవుడు ఎగుమతినే ఆపేసింది. గేదె దాణా ధర పెరిగితే ఢిల్లీ కదిలింది. మంచిదే. గేదెను మేపే మనిషి కూలి పెరగలేదని ఎన్నడైనా అంత తొందరగా కదిలిందా?

తవుడు పెట్టడం అంటే గోలెంలో గుమ్మరించి చేతులు దులుపుకోవడం కాదు. మరలోంచి వచ్చిన కొన్ని గంటల్లోనే దాంట్లో నూనె పాడవడం మొదలవుతుంది. వాసన చూసి ముక్కిందో లేదో చెప్పగలగాలి. పొడిగా పెడితే పశువు ముక్కులోకి పోతుంది, అందుకే తడపాలి. తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. బలం వస్తుందని అదే పనిగా మేపితే మగ పశువులకు మూత్రంలో రాళ్లు కట్టే ప్రమాదం ఉంది. కాల్షియం ఉన్న ఖనిజ మిశ్రమం కలపాలి, గడ్డి తగ్గకూడదు, నీళ్లు దండిగా తాగించాలి. గిత్త ఉచ్చ పోయడానికి ముక్కుతోందని మొదట కనిపెట్టేది డాక్టరు కాదు, యజమాని కాదు. కొట్టంలో దాని పక్కనే పడుకునే జీతగాడు. యూనివర్సిటీలో ఈ తెలివికి పట్టా ఇస్తారు. కొట్టంలో ఇదే తెలివికి "వాడు పశువుల కాడ ఉంటాడు" అనే మాట తప్ప ఇంకేమీ ఇవ్వరు.

ఆ జీతగాళ్లు ఏ వాడ నుంచి వస్తారో నేను చెప్పనక్కర్లేదు. నా క్లాసులో కూర్చునే పిల్లల్లో కొందరి నాయనలు, తాతలు వాళ్లే. మాదిగలు, మాలలు, వెనకబడిన కులాల భూమి లేని పేదలు. గిత్త మెడలో గంటల పట్టెడ, తోలేవాడి చేతిలో చర్నాకోల, ముందు మోగే డప్పు, ఈ తోలు పనంతా మాదిగ విద్య. గిత్త చచ్చిననాడు కబురు ఏ వాడకు పోయేదో కూడా మనకు తెలుసు. బతికినంత కాలం దొర గిత్త, చచ్చాక మాదిగోళ్ల కళేబరం. కులం పనిని పంచి ఊరుకోదు, పని చేసే మనుషులనే మెట్ల మీద నిలబెడుతుందని బాబాసాహెబ్ 1936లోనే విప్పి చెప్పాడు. గోలెం దగ్గర నిలబడి చూస్తే ఆ మెట్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

తెలుగు చెప్పుకుని బతికేవాణ్ని కాబట్టి మాటల దగ్గర ఆగుతాను. మనిషి పోతే "నూకలు చెల్లాయి" అంటాం. బియ్యం చెల్లాయని అనం. ఆయుష్షును నూకలతో కొలిచిన మాట ఎవరి ఇంట్లో పుట్టి ఉంటుంది? ఉత్తరాంధ్రలో తవుడు, తవిటయ్య, తవిటమ్మ అనే పేర్లు వింటాం. పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాతి బిడ్డను తవుడుకు అమ్మినట్టు చేసి ఆ పేరు పెట్టేవారు. అంత విలువ లేని బిడ్డ చావు కంట పడదని నమ్మకం. అలా చవకకు గుర్తయిన తవుడే పందెం గిత్త ముందుకు రాగానే కిలోల లెక్కలోకి, గొప్పల్లోకి ఎక్కింది. తవుడు మారలేదు. తినే నోరు ఎవరిదన్నదాన్ని బట్టి దాని విలువ మారింది.

తవుడు బలం శాస్త్రానికి కూడా తిండి లేని మనుషుల వల్లే తెలిసింది. 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డచ్ డాక్టరు తెల్లబియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం, తవుడు పొర ఉన్న బియ్యం పెడితే లేచి నిలబడటం చూశాడు. 1929లో ఆయనకు నోబెల్ వచ్చింది. తార్నాకలో ఓయూ పక్కనున్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన కోసమే మొదలైంది. 1958లో హైదరాబాద్ వచ్చింది. బియ్యానికి పాలిష్ పట్టి తవుడు తీసేస్తే పేదల ఒంట్లో ఏం పోతుందో నూరేళ్ల కిందే తెలుసన్నమాట.

2025 మార్చి 30న మన హుజూర్‌నగర్‌లోనే రేషన్ సన్నబియ్యం పథకం మొదలైంది, మనిషికి నెలకు 6 కిలోలు. కొందరు పట్నపు మేధావులు "పేదలు ముతక బియ్యం, దంపుడు బియ్యమే తినాలి, ఆరోగ్యం" అని పాఠాలు చెబుతారు. ఊకదంపుడు ఉపన్యాసాలు వద్దు. సన్నబియ్యం మన హక్కు. మనవాళ్లను తవుడు తినమనడం లేదు నేను. తవుడు పోయినచోట పప్పు, గుడ్డు, మాంసం, కూరగాయలు రావాలంటున్నాను. గిత్తకు ఒట్టి గడ్డి చాలదని తెలిసిన ఊరికి కూలోడికి ఒట్టి అన్నం చాలదని తెలియదా?

"గిత్తల మీద ప్రేమ కూడా తప్పేనా?" అని అడుగుతారు. కాదు. గిత్తను అందరికంటే ఎక్కువ ప్రేమించేది దాన్ని మేపేవాడే. "సంస్కృతిని ఆపమంటావా?" అనీ అంటారు. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టు కేసులో పశువులకు ఐదు స్వేచ్ఛలు ఉండాలంది, అందులో మొదటిది ఆకలిదప్పుల నుంచి స్వేచ్ఛ. 2023లో రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర సవరణలను నిలబెట్టింది. మన దగ్గర ఈ చర్చ జరిగినప్పుడల్లా గిత్త ఉంటుంది, యజమాని ఉంటాడు, సంస్కృతి ఉంటుంది. పగ్గం పట్టుకున్న కూలి ఒక్కడే ఉండడు.

నేను పోటీలు ఆపమనడం లేదు. లెక్క పూర్తి చేయమంటున్నాను. మైకులో యజమాని పేరు పక్కనే మేపినవాడి పేరు చెప్పాలి. బహుమతిలో అతని వాటా ముందే కాగితం మీద రాయాలి. కనీస వేతనం, సెలవు, కొమ్ము తగిలినా బండ కింద కాలు పడినా ఆదుకునే బీమా ఉండాలి. అప్పు ఇచ్చి ఆ అప్పు కింద మనిషిని ఏళ్ల తరబడి కట్టెయ్యడం 1976 చట్టం ప్రకారం నేరమని ప్రతి జీతగాడికీ తెలియాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకో పని. ఈసారి పోటీలకు పోతే గిత్తతో సెల్ఫీ దిగండి, తప్పులేదు. తర్వాత పగ్గం పట్టుకున్న అన్న దగ్గరికి పోయి పేరు అడగండి. జీతం ఎంత, బాకీ ఎంత, పొద్దున ఏం తిన్నావని అడగండి. ఆయన ఒప్పుకుంటే రాసుకోండి. పోటీ కమిటీ దగ్గరికి ఆ కాగితంతో పది మంది కలిసి పోదాం.

జై భీమ్.