గుఱ్ఱపుస్వారి: తొలిపాఠము నేలమీదనే

పిల్లలకు చదువుతోపాటు వ్యాయామము కూడ అవసరమని అందఱును అంగీకరింతురు. కాని గుఱ్ఱపుస్వారి మాట వచ్చినంతనే, "అది రాజులకును, సైనికులకును, ధనవంతులకును చెందిన విద్య, మన పిల్లలకెందుకు?" అని పలువురు తల్లిదండ్రులు ప్రశ్నింతురు. హోసూరు ప్రాంతమున నివసించు మనకు ఈ ప్రశ్న దూరమైనది కాదు. సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న బెంగుళూరులోను, దాని పరిసరములలోను స్వారి నేర్పు శాలలు కలవు. కావున ఈ విషయమున మా యభిప్రాయమును పాఠకుల ముందుంచుచున్నాము. స్వారి మన పిల్లలు నేర్వదగిన విద్యయే. అయితే అది జీనుమీద గాక నేలమీద ప్రారంభము కావలెను; పిల్లలతోపాటు పెద్దలును నేర్వవలెను.

గుఱ్ఱము మనకు క్రొత్తది కాదు. మన పొరుగుననున్న మత్తిగిరి పశుక్షేత్రము 1824లో సైన్యావసరములకై ఏర్పడినది. గుఱ్ఱముల పెంపకమును అచట సాగినది. విజయనగర ప్రభువులు సముద్రము దాటి వచ్చిన గుఱ్ఱములకై విశేషధనమును వెచ్చించిరి. హంపిలోని మహానవమి దిబ్బ శిల్పములయందు ఆ గుఱ్ఱములను నేటికిని చూడవచ్చును. మనుమంచి భట్టు అను కవి తెలుగున అశ్వశాస్త్రమునే రచించెను. కళ్లెము, జీను, రికాబు, లాడము, దౌడు, రౌతు, సాహిణి అను మాటలన్నియు మన భాషలో నున్నవే. మాటలు మిగిలియుండగా వాని వెనుకనున్న విద్యను మాత్రము మనము పరాయిదిగా భావించుట తగునా?

నేడు మన కుటుంబములలో పెక్కింటికి గుఱ్ఱముతో గల పరిచయము విహారస్థలములలోని ఐదు నిమిషముల సవారి మాత్రమే. పిల్లవానిని పైకెక్కింతురు, ఛాయాచిత్రము తీయింతురు, దింపివేయుదురు. ఆ గుఱ్ఱము ఉదయమునుండి ఎందఱిని మోసినదో, నీరు త్రాగినదో లేదో, జీను క్రింద పుండున్నదో ఎవరును విచారింపరు. ఆ పిల్లవాడు స్వారి నేర్చుకొనడు. ఒక ప్రాణిని వస్తువువలె వాడుకొనుట నేర్చుకొనును. ఇది మాకు విచారము కలిగించు విషయము. అటువంటి సవారులు పది చేయుటకంటె, మంచి శాలలో ఒక్క గంట గడపుట మేలని మా నమ్మకము.

మంచి శాలలో ఆ గంట ఎట్లు గడచును? మొదట గుఱ్ఱమును సమీపించుట నేర్పుదురు. గుఱ్ఱపు కన్నులు తలకు ఇరుప్రక్కల నుండును. అందుచే సరిగా దాని ముఖమునకు ఎదుటనున్నదియు, వెనుకనున్నదియు దానికి కనబడవు. వెనుకనుండి నిశ్శబ్దముగా వచ్చువానికి తన్ను తప్పదు. కావున మెల్లగా మాటలాడుచు, భుజమువైపునుండి చేరవలెను. పిదప ఒడలు తోముట, డెక్కలలోని మట్టిని రాళ్లను తీయుట, పగ్గము పట్టి నడిపించుట నేర్పుదురు. గుఱ్ఱము చెవులను వెనుకకు అదిమినచో కోపమనియు, ముందునకు నిక్కించినచో ఏదో గమనించుచున్నదనియు గుర్తింప నేర్పుదురు. ఇవి చిన్న పనులవలె తోచును. కాని స్వారికి పునాది ఇవియే.

ఆ తరువాతనే జీను. తలకు గట్టి శిరస్త్రాణము, కాలికి కొలదిగా మడమ ఎత్తుగల బూటు తప్పనిసరి. మడమ లేనిచో పాదము రికాబులోనుండి ముందునకు జారి చిక్కుకొనును. పడినవానిని గుఱ్ఱము ఈడ్చుకొని పోవు ప్రమాదము కలదు. తొలి దినములలో గురువు పొడవైన త్రాటిని పట్టి గుఱ్ఱమును తనచుట్టు వలయముగా నడిపించును. అందుచే శిష్యుడు పగ్గముల చింత లేక, తన ఆసనమును సరిదిద్దుకొనగలడు. నడకలో నాలుగు అడుగుల చప్పుళ్లు వేఱువేఱుగా వినబడును. దుడుకునడకలో రెండు, మెల్లని దౌడులో మూడు. ఈ లయను శరీరము గ్రహించినదాక తొందరపడరాదు.

"రౌతు మెత్తనైతే గుఱ్ఱము మూడు కాళ్ల నడుచును" అని మన సామెత. దీనిని కొందఱు కొరడాకు సమర్థనగా చెప్పుకొందురు. మాకది సమ్మతము కాదు. మెత్తదనము వేఱు, మృదుత్వము వేఱు. ఏమి కోరుచున్నాడో తనకే తెలియని రౌతు మెత్తనివాడు. తన కోరికను స్పష్టముగా తెలిపి, గుఱ్ఱము విన్నంతనే పట్టు సడలించువాడు మృదువైనవాడు. 400 కిలోల ప్రాణిని ముప్పది కిలోల బాలిక బలముచే లొంగదీయజాలదు. ఓర్పుచే మాత్రమే నడిపింపగలదు. పరీక్షలకై పరుగులెత్తు నేటి పిల్లలకు ఇంతకంటె కావలసిన పాఠమేమి?

బాలికలకు ఈ విద్య తగదను వారికి ఒక్క మాట. ఒలింపిక్ క్రీడలలో స్త్రీ పురుషులు ఒకే పోటీలో సమానముగా తలపడునది గుఱ్ఱపుస్వారి. పోలియోచే కాళ్ల బలము కోల్పోయిన డెన్మార్కు వనిత లిస్ హార్టెల్ 1952లో హెల్సింకిలో రజతపతకము గెలిచెను. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో డ్రెస్సాజ్ అను పోటీయందు స్వర్ణపతకము గెలిచిన మన నలుగురి జట్టులో దివ్యాకృతి సింగ్, సుదీప్తి హజేలా అను యువతులిద్దఱుండిరి. అంతకు ముందు 2018లో బెంగుళూరు యువకుడు ఫవాద్ మీర్జా జకార్తాలో రెండు రజతపతకములు సాధించెను.

ప్రమాదము లేదని మేము చెప్పము. ఖర్చు లేదనియు చెప్పము. అందుకనియే తల్లిదండ్రులు ముందుగా శాలకు వెళ్లి చూడవలెను. గుఱ్ఱముల ప్రక్కటెముకలు బయటపడియున్నవా? నీరు, నీడ కలవా? శిరస్త్రాణము లేనివానిని ఎక్కనిత్తురా? పిల్లల పాఠమునకు మెత్తని స్వభావముగల ముదురు గుఱ్ఱమును ఇత్తురా? పెద్దలు తామెక్కునపుడు తమ బరువును, జీను బరువును కలిపి గుఱ్ఱపు బరువులో ఐదవవంతునకు మించనీయరాదు. నెలనెల పంపుటకు శక్తి చాలనివారు, సెలవులలో కొన్ని దినములైనను కుటుంబముతో వెళ్లి గుఱ్ఱమును తోముటయు నడిపించుటయు నేర్చినచో చాలును. తండ్రియు కుమార్తెయు ఒకే గురువు ముందు ఒకేమారు ప్రారంభకులై నిలుచుట ఇంటికి మేలు చేయును.

చివరగా మన పిల్లలను గూర్చి. ఇంట నొక భాష, వీధిలో నొక భాష, కార్యాలయమున మఱియొక భాష గల ఊరిలో పెరుగు బాలుడు నోరు విప్పుటకు జంకును. గుఱ్ఱమునకు వ్యాకరణము తెలియదు; యాసను చూచి నవ్వదు. నెమ్మదిగా, నిశ్చయముగా పలికిన తెలుగుమాటను అది ఇతరభాషల మాటతో సమముగా ఆలకించును. ఆ ధైర్యము పిల్లలకు తరగతిలోను ఉపకరించునని మేము విశ్వసించుచున్నాము. తల్లిదండ్రులు ఈ వేసవి సెలవులలోనైనను దీనిని గూర్చి ఆలోచింతురు గాక.