ఒరిజినల్స్ చూపిద్దాం, తాకట్టు పెట్టొద్దు!

పిల్లల్ని పైచదువులకు విదేశాలకు పంపుతున్న తల్లిదండ్రులారా! గల్ఫ్ ప్రయాణానికి సిద్ధమవుతున్న అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లారా!

ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం మన సికింద్రాబాద్‌లోనే ఉంది. పాస్‌పోర్టు సేవా కేంద్రంలో మన ఒరిజినల్స్ చూస్తారు, స్కాన్ చేస్తారు, వెంటనే చేతికిస్తారు. ప్రభుత్వానికే అంత చాలినప్పుడు, వీసా పని చేయిస్తామనే ఏజెంటు “ఒరిజినల్స్ ఇచ్చి వెళ్లండి” అంటే ఎందుకు తలూపాలి? పరిశీలనకు పది నిమిషాలు చాలు. ఫీజు ముట్టేదాకా బీరువాలో పెట్టుకుంటే దాన్ని తాకట్టే అంటారు.

అమెరికా ఇమిగ్రేషన్ విభాగం కూడా, ప్రత్యేకంగా అడిగితే తప్ప, దరఖాస్తుకు స్పష్టమైన జిరాక్సులే చాలంటుంది. అడగని ఒరిజినల్ పంపితే తిరిగి రాకపోవచ్చు, దాన్ని నాశనం చేసినా చేయవచ్చు. ఇంటర్వ్యూ నాడు మాత్రం ఒరిజినల్ మన చేతిలో ఉండాలి. ఆనాడు అది ఏజెంటు బీరువాలో ఉంటే గతేమిటి?

పదో తరగతి మెమో పోతే పోలీసు ఫిర్యాదు, అఫిడవిట్, బోర్డుకు దరఖాస్తు అంటూ తిరగాలి. కూలి మానుకుని తిరిగే ఆ రోజులకు ఎవరు జవాబుదారీ?

చట్టం మనవైపే ఉంది. 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి; బాకీ కింద పట్టుకునే హక్కు ఏ ఏజెంటుకూ లేదు. విద్యార్థుల ఒరిజినల్స్‌ను చూసి వెంటనే తిరిగివ్వాలని యూజీసీ 2018లోనే విద్యాసంస్థలను ఆదేశించింది. కాలేజీకి పెట్టిన ఆ కట్టుబాటు కన్సల్టెన్సీకీ పెట్టాలి.

మన కోరికలు:

1. కన్సల్టెన్సీలు, ఏజెంట్లు ఒరిజినల్స్‌ను మన ఎదుటే సరిచూసి, అప్పటికప్పుడే తిరిగివ్వాలి.

2. వీసా ముద్రకు పాస్‌పోర్టు, అపోస్టిల్‌కు (విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణకు) సర్టిఫికెట్ ఇవ్వక తప్పదు. అప్పుడు కాగితం పేరు, నంబరు, తిరిగిచ్చే తేదీ రాసి సంతకంతో రసీదివ్వాలి.

3. “ఒరిజినల్స్ ఉంచుకోము” అన్న బోర్డు ప్రతి ఆఫీసులో తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషుల్లో కనబడాలి.

4. ఒరిజినల్స్ పట్టి ఉంచితే లైసెన్సు రద్దు చేసేలా రాష్ట్ర ప్రభుత్వం నిబంధన తేవాలి.

అంతవరకు మన జాగ్రత్త మనదే. ప్రతి కాగితాన్నీ ఈరోజే స్కాన్ చేయించండి. డిజిలాకర్‌లో దొరికే సర్టిఫికెట్లను అందులోకి తెచ్చుకోండి. జిరాక్సుపై సంతకంతో పాటు ఏ పనికి ఇస్తున్నారో, ఏ తేదీన ఇస్తున్నారో రాయండి. గల్ఫ్‌కు వెళ్లేవారు ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోండి.

రసీదు లేనిదే ఒరిజినల్ చేయి దాటనివ్వకండి. ఈ మాట మీ వీధిలో పదిమందికి చెప్పండి.

— సికింద్రాబాద్ పౌరులు