చిన్న నగరము, పెద్ద ఆటగాడు

అమెరికా బాస్కెట్‌బాల్ లోకమున మిల్వాకీ వంటి చిన్న నగరమును క్రీడాకారులు పైమెట్టునకు సోపానముగా మాత్రమే చూతురని పలువురు తలంతురు. ఆ తలంపు నిరాధారము కాదు. 1971లో ఆ నగరపు బక్స్ జట్టునకు ప్రథమ ఛాంపియన్‌షిప్పును సమకూర్చిన కరీం అబ్దుల్ జబ్బార్ (నాడు ఆయన లూ ఆల్సిండర్), తన సాంస్కృతిక జీవనమునకు అచటి పరిసరములు తగవని తోచి, తానే కోరి 1975లో లాస్ ఏంజెలెస్ చేరెను. అందులకు ఆయనను నిందించుట నాకు సమ్మతము కాదు. ఆటగాని యౌవనము స్వల్పము. పైగా, జట్లే క్రొత్త ఆటగాండ్రను వంతులవారీగా ఎంచుకొను డ్రాఫ్టు పద్ధతిలో తొలి జట్టును ఎన్నుకొను స్వేచ్ఛ అతనికి లేనే లేదు.

అయినను, ఏథెన్సు వీథులలో గడియారములు, కళ్లజోళ్లు అమ్మి కుటుంబమునకు తోడ్పడిన నైజీరియా వలసదారుల బిడ్డ యానిస్ అంటెటొకుంపో చరిత్రము నన్ను మిక్కిలి కదలించును. 2013 డ్రాఫ్టులో 15వ ఎంపికగా, 18 ఏండ్ల ప్రాయమున, అంతగా ఎవరెరుగని బాలుడై వచ్చిన ఆతడు, ధనిక నగరములు తనకై కాచుకొనియున్న 2020 డిసెంబరులో మిల్వాకీతోనే మరల 5 ఏండ్ల ఒడంబడిక చేసికొనెను. సొంత జట్టు మాత్రమే అత్యధిక వేతనమీయగల నిబంధన అందులకు తోడ్పడినది నిజమే. కాని కేవల ధనాపేక్షయే కారణమని నేను నమ్మజాలను. తన్ను పెంచిన ఊరి ఋణమును ఆతడు మనసార ఎరిగియుండెను. మరుసటి జూలైలో ఫీనిక్స్‌తో జరిగిన తుదిపోరున ఆతడు 50 పాయింట్లు సాధించి 50 ఏండ్ల నిరీక్షణమును ఫలింపజేసిన రాత్రి, క్రీడాభవనము వెలుపలి వీథులు వేలాది జనులతో క్రిక్కిరిసెను.