ఉక్కునగరంలో దౌత్యవిద్య

జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఇంజనీరింగు, వైద్యం చదువుతామనే పిల్లలను ఎవరూ కారణమడుగరు. అంతర్జాతీయ సంబంధాలు చదువుతామంటే మాత్రం, "అది అన్నం పెడుతుందా?" అన్న ప్రశ్న తప్పదు. ప్రశ్న న్యాయమైనదే.

ఆ పట్టా రాయబార కార్యాలయానికి ప్రవేశపత్రం కాదు. విదేశాంగ సర్వీసుకు ఎంపిక సివిల్ సర్వీసు పరీక్ష ద్వారా జరుగుతుంది. దానికి ఏ విషయంలో పట్టభద్రులైనా అర్హులే. కనుక ఆ ఆశతోనే అప్పుచేసి ఖరీదైన ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చేరడం విజ్ఞత అనిపించుకోదు.

అంతమాత్రాన ఈ విద్య నిరర్థకమనరాదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడి కర్మాగారం అందించిన ఉక్కును స్మరించియే 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్జీ పేరు పెట్టినాడు. 2007లో టాటా స్టీల్ ఐరోపాలోని కోరస్‌ను కొన్నది. 2024లో వేల్సులోని పోర్ట్ టాల్బట్‌లో దాని బ్లాస్ట్ ఫర్నేసులు ఆరిపోయినవి. 2025లో అమెరికా దిగుమతి ఉక్కుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినది. ఐరోపా కర్బన సుంకం 2026లో అమలులోనికి వచ్చినది. ఉక్కునగరపు భవిష్యత్తు ఇనుపగనులలోనే కాక పరదేశ రాజధానులలోనూ నిర్ణయమవుతున్నది. ఆ నిర్ణయాల మర్మం తెలిసినవారు పరిశ్రమకూ, ప్రభుత్వానికీ, పత్రికలకూ అవసరమే.

అయితే పునాది ముందు, గోపురం తరువాత. డిగ్రీలో అర్థశాస్త్రమో, చరిత్రయో క్షుణ్ణంగా చదివి, ఒక విదేశీ భాష పట్టుబడిన పిమ్మట, ఎం.ఏ.లో అంతర్జాతీయ సంబంధాలు తీసుకొనడం మేలు. ఢిల్లీలోని నెహ్రూ విశ్వవిద్యాలయం వంటి ప్రభుత్వ విద్యాసంస్థలలో ఆ అవకాశమున్నది. ఆసక్తి గల బిడ్డను తల్లిదండ్రులు వారించవద్దు. దారి మాత్రం చూపవలెను.